మాంద్యంలో పన్నులు తగ్గించాలా, ఖర్చు పెంచాలా? మా ఉద్దెర పుస్తకంలో కనిపించిన జవాబు

ఆర్థిక వ్యవస్థ కుంగినప్పుడు ప్రభుత్వం పన్నులు తగ్గించాలా, ఖర్చు పెంచాలా, లేక లోటు పెరగకుండా చేయి బిగించుకోవాలా అని మీరు అడిగారు. నేను అర్థశాస్త్రం చదివినవాణ్ని కాను. వరంగల్‌కు దగ్గరలోని ఒక మండల కేంద్రంలో మా నాన్నగారు పెట్టిన బట్టల దుకాణాన్ని పద్దెనిమిదేళ్లుగా నడుపుతున్నాను. బియ్యం కొనడం, మందులు కొనడం ఎవరూ మానుకోలేరు గానీ చీర కొనడం వచ్చే పండుగకు వాయిదా వేసుకోగలరు కనుక, జనం చేతిలో డబ్బు ఆడటం లేదన్న సంగతి మా గల్లాపెట్టెకు చాలామంది కంటే ముందే తెలుస్తుంది. అందుకని 2020లో నేను దగ్గర నుంచి చూసినదాన్ని ఆధారం చేసుకుని చెబుతాను.

ఆ సంవత్సరం పెళ్లిళ్ల కోసం ఫిబ్రవరిలోనే హైదరాబాద్‌లోని మదీనా టోకు బట్టల బజారు నుంచి, సూరత్ నుంచి సరుకు దింపుకున్నాం. మార్చి చివర లాక్‌డౌన్ వచ్చింది, ముహూర్తాలన్నీ పోయాయి. మా ఉద్దెర పుస్తకంలో అప్పటికి దాదాపు 140 ఖాతాలుండేవి. అందులో సగం ఉపాధ్యాయులవి, ఇతర ఉద్యోగులవి, పెన్షనర్లవి. మిగతావి రైతులవి, కూలీలవి. ఉద్యోగస్తులకిచ్చిన ఉద్దెర బ్యాంకులో వేసుకున్నట్టేనని మా నాన్నగారు అనేవారు, నేనూ అదే నమ్మాను. మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగుల వేతనంలో 50 శాతం, అఖిల భారత సర్వీసుల అధికారులకు 60 శాతం, ప్రజాప్రతినిధులకు 75 శాతం, నాలుగో తరగతి ఉద్యోగులకు 10 శాతం కోత ప్రకటించింది. పెన్షనర్లకూ కోత పడింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు ఇలాంటి కోతనే వాయిదా పేరుతో అమలు చేశారు. ప్రతి నెలా ఐదో తేదీకి తప్పకుండా రెండు వేలు కట్టే ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు మే నెలలో వచ్చి, ఇంటి లోను వాయిదా పోగా కిరాణాకే మిగిలిందని చెప్పి, ఐదు వందలు నా చేతిలో పెట్టారు. తల దించుకుని మాట్లాడారు. ఆయన తప్పు ఏమీ లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అదే సమయంలో పుస్తకంలోని రెండో సగం మరోలా నడిచింది. ఉపాధి హామీకి బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లకు అదనంగా కేంద్రం మే నెలలో మరో 40,000 కోట్లు ప్రకటించింది. మన రెండు రాష్ట్రాల్లో ఆ పథకం రోజు కూలి 211 రూపాయల నుంచి 237కు పెరిగింది. మా వైపు దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. చేసిన పని కొలతల ప్రకారం చేతికి వచ్చేది 237 కంటే తక్కువే ఉండేది, అయినా పనికి వెళ్లని ఇల్లు ఊళ్లో అరుదు. జూన్‌లో ఒకామె వచ్చి, కొంగు ముడిలో నుంచి నోట్లు తీసి బల్ల మీద పరిచి, "సేటూ, ముందు పాత బాకీ కొట్టెయ్యి, తర్వాత కొత్తది చూపియ్యి" అన్నది. కూతురి పెళ్లి నాటి బాకీలో 800 జమ కట్టుకుని, రోజూ కట్టుకునే పాలిస్టర్ చీరలు రెండు ఇచ్చాను. ఆ 800 ఆ వారమే మదీనా వ్యాపారికి పంపాను. ప్రభుత్వం వేసిన రూపాయి పదిహేను రోజుల్లో మూడు చేతులు మారిందన్నమాట. నెలాఖరుకు లెక్క చూస్తే కూలీల ఖాతాల్లో వసూలు ఉపాధ్యాయుల ఖాతాల కంటే మెరుగ్గా ఉంది. మా దుకాణం చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి.

ఇక్కడ రాష్ట్రాన్ని తిట్టి ఊరుకోవడం సులభమే గానీ న్యాయం కాదు. రాష్ట్రాలు తమంతట తాము ఇష్టం వచ్చినంత అప్పు చేయలేవు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు కేంద్రం అనుమతి తీసుకోవాలని రాజ్యాంగంలోని 293వ అధికరణం చెబుతుంది. అప్పు పరిమితిని రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచుతున్నట్టు మే నెలలో ప్రకటించారు గానీ, ఆ అదనపు 2 శాతంలో షరతులు లేనిది అర శాతమే; మిగతాది రేషన్ కార్డులు, విద్యుత్ పంపిణీ, పట్టణ స్థానిక సంస్థలు వంటి సంస్కరణలకు ముడిపెట్టారు. జీఎస్టీ వచ్చినప్పుడు ఏటా 14 శాతం వృద్ధి లెక్కన ఐదేళ్లు రాష్ట్రాలకు పరిహారం ఇస్తామని చట్టం చేసినా, ఆదాయమే పడిపోయిన ఆ ఏడాది ఆ లోటును ఎవరు అప్పు చేసి పూడ్చాలన్న వాదన అక్టోబరు దాకా సాగింది. చివరికి 1.1 లక్షల కోట్లు కేంద్రమే అప్పు తెచ్చి రాష్ట్రాలకు రుణంగా మళ్లించింది. ఆ నిర్ణయం ఏప్రిల్‌లోనే జరిగి ఉంటే జీతాల కోత ఇంత లోతుగా ఉండేది కాదని నా అభిప్రాయం. ఢిల్లీ ఒక చేత్తో పోస్తున్నదాన్ని రాష్ట్ర రాజధానులు మరో చేత్తో తోడేసుకోవలసి వస్తే, మధ్యలో ఉన్న మా వంటి ఊళ్లకు మిగిలేది ఎంత అన్నదే చూడాలి. మాంద్యంలో ప్రభుత్వం ఏం చేసిందన్న చర్చలో చాలామంది కేంద్ర బడ్జెట్ ఒక్కదాన్నే చూసి మాట్లాడతారు, అది సగం లెక్కే.

పన్నుల తగ్గింపు సంగతికి వస్తే, హైదరాబాద్‌లో ఒక సంస్థలో లెక్కలు చూసే మా బావమరిదికీ నాకూ ఈ విషయంలో ఇప్పటికీ పడదు. 2019 సెప్టెంబరు 20న కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి, కొత్త తయారీ కంపెనీలకు 15 శాతానికి తగ్గించారు. దానివల్ల ఏటా 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. ఆ రోజు సెన్సెక్స్ 1,900 పాయింట్లకు పైగా ఎగసింది. పన్ను తగ్గితే పెట్టుబడి వస్తుంది, పెట్టుబడి వస్తే ఉద్యోగాలు వస్తాయని మా బావమరిది వాదన. మంచి రోజుల్లో అది నిజం కావచ్చు. కానీ చీరలు అమ్ముడుపోక గోదాములో ఉన్నప్పుడు, పన్ను తగ్గింది కదా అని ఏ మిల్లు యజమానీ మరో మగ్గం బిగించడు. ఆ తగ్గింపుతో మిగిలిన సొమ్ము అప్పులు తీర్చుకోవడానికీ నగదు నిల్వలకూ పోయిందే తప్ప కొత్త పెట్టుబడులను కదిలించలేదని రిజర్వ్ బ్యాంకు 2020 ఆగస్టు నాటి వార్షిక నివేదికలో రాసింది. జీఎస్టీలో చిన్న వ్యాపారుల కోసం పెట్టిన కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న మా వంటి వ్యాపారికి అమ్మకం మీద 1 శాతమే పన్ను. అమ్మకమే లేనివాడికి దాన్ని సున్నా చేసినా ఒరిగేది లేదు.

2020 మే నెలలో కేంద్రం ప్రకటించిన 20 లక్షల కోట్ల ప్యాకేజీలో పెద్ద భాగం అప్పులూ పూచీకత్తులే. మాకు ఖాతా ఉన్న బ్యాంకు నుంచి ఫోన్ చేసి, బకాయిలో 20 శాతం మేరకు తాకట్టు లేకుండా అదనపు రుణం ఇస్తామన్నారు. నేను తీసుకున్నాను, దుకాణం అద్దెకూ పనివాళ్ల జీతాలకూ అక్కరకు వచ్చింది కూడా. కానీ అది నన్ను మునగకుండా ఆపింది తప్ప ఒక్క చీరనైనా అమ్మిపెట్టలేదు. అప్పును ఆదాయం కింద లెక్కవేసి ప్యాకేజీ ఎంత పెద్దదో చెప్పుకోవడం నాకు రుచించదు.

పన్ను పెంపు విషయంలో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు: తప్పు జరిగింది. ముడి చమురు ధర పడిపోయిన 2020 మే నెలలో ఆ లాభం జనానికి చేరకుండా పెట్రోలు మీద లీటరుకు 10 రూపాయలు, డీజిల్ మీద 13 రూపాయలు కేంద్ర సుంకం పెంచారు. అది సెస్సుల రూపంలో, ప్రత్యేక అదనపు సుంకం రూపంలో వచ్చింది కనుక రాష్ట్రాలకు వాటా కూడా లేదు. జూన్ 7 నుంచి రోజూ పెరుగుతూ వచ్చిన డీజిల్ ధర మూడు వారాల్లోనే పది రూపాయలు దాటి పెరిగింది, వరంగల్ నుంచి సరుకు తెచ్చే ట్రాలీ ఆటో కిరాయి కూడా దానితోపాటే పెరిగింది. చీరలు కొన్న ఆ కూలి మనిషి ఆటో చార్జీలోనూ, కూరగాయల ధరలోనూ ఆ పన్నే ఉంది. ఆ సుంకం మొదటిసారి తగ్గింది 2021 నవంబరులో.

అయితే లోటు గురించి భయపడేవారి మాట కొట్టిపారేయలేను. 2020-21లో కేంద్రం ద్రవ్యలోటు జీడీపీలో 9.2 శాతానికి చేరింది, వడ్డీలకే 6.8 లక్షల కోట్లు, అంటే రాబడిలో ప్రతి రూపాయికి 40 పైసలకు పైగా పోయింది. ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చిన 2008 చివర ఎక్సైజ్ సుంకాన్ని 14 శాతం నుంచి 10కి, ఆ తర్వాత 8కి తగ్గించి, ఖర్చు కూడా పెంచినప్పుడు, ఆ ఉద్దీపనను వెనక్కి తీసుకోవడంలో జరిగిన ఆలస్యాన్ని తర్వాతి రెండు మూడేళ్ల ధరల పెరుగుదలలో మనమంతా చూశాం. అందుకే మాంద్యంలో పెట్టే ఖర్చు ఎవరి చేతికి ఎంత త్వరగా చేరుతుందన్నదానితోపాటు, అవసరం తీరాక దానంతటది తగ్గుతుందా అన్నది కూడా చూడాలంటాను. ఆ ఏడాది జూలైలో వానలు పడి నాట్లు మొదలయ్యాయి. పొలాల్లో కూలి ఎక్కువ వస్తుండటంతో, ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండానే మా చుట్టుపక్కల ఊళ్లలో కరువు పనికి వెళ్లే మనుషులు పలచబడ్డారు. కోత పెట్టిన జీతం బకాయిని ఉద్యోగులకు తర్వాత విడతలుగా ఇచ్చారు. ఆ ఉపాధ్యాయుడు మిగిలిన బాకీ అంతా ఒకేసారి కట్టి, సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ బట్టలు తీసుకున్నారు.