పాన్-డి అమెరికాలో దొరకదు

మొన్ననే కొండ దిగి వచ్చాను. గుండు మీద గంధం ఆరకముందే ఇద్దరు జూనియర్లు ఇంటికొచ్చి కూర్చున్నారు. ఒకడు తిరుపతి రుయా ఆస్పత్రిలో హౌస్ సర్జన్. ఇంకో అమ్మాయికి ఈ మధ్యే పెళ్ళయింది, వచ్చే నెల డాలస్‌లో ఉన్న భర్త దగ్గరికి పోతోంది. అక్కడే కూర్చుని యూఎస్ఎమ్ఎల్ఈకి చదువుతుందట, అంటే అమెరికాలో డాక్టరు లైసెన్సు కోసం మూడు స్టెప్పుల్లో రాసే పరీక్ష. మా అమ్మ పెట్టిన లడ్డూ చేతిలో పట్టుకునే అడిగింది: "అన్నా, ఫోన్‌లో మందుల యాప్ ఒకటి వేసుకున్నాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా అదే చదివేస్తే ఫార్మకాలజీ అయిపోదా?"

అయిపోదమ్మా. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను. అప్పట్లో ఎపోక్రటీస్ అనే మందుల యాప్ అరచేతిలో పట్టే పామ్ పైలట్ మీద నడిచేది. అక్షరక్రమంలో చదవడం మొదలుపెట్టి 'బి' దాటలేకపోయాను. చదివింది కూడా నిలవలేదు.

ఆ యాప్ మంచం పక్కన నిలబడిన డాక్టరు కోసం తయారైంది. ఎన్ని మిల్లీగ్రాములు, కిడ్నీ దెబ్బతింటే ఎంత తగ్గించాలి, దేనితో కలపకూడదు, ఇవి చెబుతుంది. పరీక్ష అడిగేది "ఎందుకు" అని. స్టెప్ వన్‌లో డోసులతో దాదాపు పని లేదు. స్టెప్ త్రీలో కంప్యూటర్ మీద రోగిని చూసే కేసులు ఉంటాయి కదా, అక్కడ కూడా మందు రాసేటప్పుడు ఏ దారిన ఇస్తావు, ఎంత తరచుగా ఇస్తావు అని అడుగుతుందే తప్ప డోసు అడగదు. కాబట్టి మిల్లీగ్రాముల కాలమ్‌ను ఇప్పటికి వదిలెయ్యి.

ఎలా వాడాలో చూపిద్దామని మా అమ్మ మందుల డబ్బా తెప్పించాను. అందులో పాన్-డి స్ట్రిప్పు ఉంది. తిరుపతిలో ఈ స్ట్రిప్పు లేని ఇల్లు ఉంటుందా! అమెరికా యాప్‌లో ఆ పేరు కొడితే ఏమీ రాలేదు. మన బ్రాండ్ పేర్లు అక్కడ పని చెయ్యవు. స్ట్రిప్పు వెనక సన్న అక్షరాల్లో పాంటోప్రజోల్, డోంపెరిడోన్ అని ఉంటుంది. పాంటోప్రజోల్ దొరికింది. డోంపెరిడోన్‌కు మాత్రం అక్కడ మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతే లేదు. వాంతులకు మనం కళ్ళు మూసుకుని రాసే మందు ఆ పరీక్ష రాసేవాడికి మందే కాదన్నమాట. అక్కడ దాని చోట మెటోక్లోప్రమైడ్ వస్తుంది.

ఇప్పుడు మెటోక్లోప్రమైడ్ పేజీ తెరువు. సైడ్ ఎఫెక్ట్స్‌లో ముందు కనిపించేవి మత్తు, నీరసం, కుదురుగా కూర్చోలేకపోవడం. ఎక్కువమందికి వచ్చేవి కాబట్టి వాటిని ముందు పెట్టారు. పరీక్షకు కావలసింది పైన గడి కట్టి పెట్టిన హెచ్చరిక: టార్డివ్ డిస్కినీసియా, అంటే నాలుక, ముఖం వాటంతటవే కదిలిపోయే జబ్బు. ఎఫ్‌డీఏ 2009లో ఆ హెచ్చరికను తప్పనిసరి చేసింది. యాప్ మూసేసి నిన్ను నువ్వే అడుగు, ఎందుకొస్తుంది అని. డోపమైన్ అనే రసాయనం అతుక్కునే డి2 రిసెప్టర్లను అడ్డుకుంటుంది కాబట్టి. వాంతి ఆగేదీ అందుకే, ప్రోలాక్టిన్ హార్మోన్ పెరిగేదీ అందుకే, పార్కిన్సన్స్ రోగికి ఇవ్వకూడనిదీ అందుకే. మరి డోంపెరిడోన్ కూడా డి2నే అడ్డుకుంటుంది కదా, దానితో ఈ కదలికల బాధ ఎందుకు తక్కువ? అది మెదడులోకి సరిగ్గా దాటదు. దానితో భయమంతా గుండె లయ గురించి. చూశావా, ఒక్క స్ట్రిప్పు నుంచి ఎన్ని ప్రశ్నలు లేచాయో.

అందుకే ముందు క్వశ్చన్ బ్యాంక్‌లో ప్రశ్న చెయ్యి. తప్పో ఒప్పో తేలాక అందులోని మందును యాప్‌లో వెతుకు. ఈ వరస తారుమారు చెయ్యొద్దు.

పేర్ల గొడవ వేరే ఉంది. నా మొదటి ప్రాక్టీస్ టెస్టులో ఆల్‌బ్యుటెరాల్ అని చూసి ఇదేదో కొత్త మందనుకున్నాను. రుయా వార్డులో రోజూ నెబ్యులైజర్‌లో పోసిన మన సాల్‌బుటమాలే! పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, గ్లిబెన్‌క్లమైడ్ గ్లైబ్యురైడ్, పెథిడిన్ మెపెరిడిన్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్. రిఫాంపిసిన్ తోక తెగి రిఫాంపిన్ అయింది. గ్లిక్లజైడ్, విల్డాగ్లిప్టిన్ షుగరుకు మన ఓపీలో నీళ్ళలా రాస్తాం, అక్కడ అనుమతి లేదు. రానిటిడిన్‌ను 2020లో ఎఫ్‌డీఏ మార్కెట్ నుంచి తీయించింది. అలవాటు కొద్దీ ఇవే మనసులో మెదిలితే ఆప్షన్లలో వెతుక్కుంటూ నిమిషాలు పోతాయి. టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

హౌస్ సర్జన్ అబ్బాయి, రెండు మందులు కలిస్తే ఏమవుతుందో చెప్పే ఇంటరాక్షన్ చెకర్ గురించి అడిగాడు. నాకైతే యాప్ మొత్తంలో అదే ఇష్టం. రెండు మందులు వేసి, బటన్ నొక్కకముందే జవాబు చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్ వేశాను. "ఐఎన్ఆర్ పెరుగుతుంది" అన్నాడు, అంటే రక్తం గడ్డకట్టడం ఇంకా ఆలస్యమవుతుందని. కరెక్టే. ఎందుకని అడిగితే లడ్డూలో జీడిపప్పు వెతుక్కున్నాడు. ఒంట్లో వార్ఫరిన్‌ను విరగ్గొట్టే సీవైపీ2సీ9 ఎంజైమును అమియోడరోన్ అణుస్తుంది నాయనా. అమియోడరోన్ తీసి రిఫాంపిన్ వేస్తే కథ తిరగబడుతుంది, ఎంజైములు పెరిగి ఐఎన్ఆర్ పడిపోతుంది. భోజనాల ముందు పది నిమిషాలు ఇలా ఆడుకోండి, చాలు.

గర్భిణులకు ఇచ్చే మందులను ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి, ఎక్స్ అని మేం కాలేజీలో బట్టీ పట్టాం. 2015 జూన్ నుంచి అమెరికా లేబుళ్ళలో ఆ అక్షరాలను తీసేస్తూ వచ్చారు. ఇప్పుడు వాక్యాల్లో వివరంగా రాస్తున్నారు, అదే చదవండి.

డబ్బు పెట్టి ఏ యాప్ కొనక్కర్లేదు. డైలీమెడ్ అనే వెబ్‌సైట్‌ను అక్కడి నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడుపుతుంది. మందుల లేబుళ్ళు మొత్తం ఉచితం, తిరుపతి నుంచైనా చూడొచ్చు. చదవడానికి మాత్రం ఎండుగడ్డి.

స్టెప్ వన్ 2022 జనవరి నుంచి పాస్, ఫెయిల్ మాత్రమే కాబట్టి బరువంతా స్టెప్ టూ సీకే స్కోరు మీద పడింది. అందులో "ఈ రోగికి ఇప్పుడు ఏ మందు" అనే తరహా ప్రశ్నలు ఎక్కువ. అప్పుడు యాప్‌లో ఎవరికి ఇవ్వకూడదు అనే భాగం దగ్గర ఆగాలి.

అమ్మాయి లేచేటప్పుడు, పేర్ల పట్టిక ఎక్కడ దొరుకుతుందన్నా అంది. నేను రాసుకున్న నోటుబుక్కు మా అటక మీద ఎక్కడో ఉంది. ఆదివారం లోపల వెతికి ఉంచుతానన్నాను. ఎలుకలు వదిలిపెట్టి ఉంటే.