డాక్టర్ సలహా: నీళ్లు తాగినా పొలమారే బాబుకు ఆకలి సిరప్ మందు కాదు

ప్రశ్న: మేం బెంగళూరులో ఉంటున్నాం. మా బాబుకు రెండేళ్ల నాలుగు నెలలు, బరువు 9.8 కిలోలు. 31వ వారంలోనే పుట్టడంతో నెలకు పైగా ఐసీయూలో ఉంచి ట్యూబు ద్వారా పాలు పట్టారు. ఇప్పటికీ మిక్సీలో గుజ్జు చేసిన అన్నం తప్ప తినడు, మెతుకు తగిలితే డోకుతాడు. నీళ్లు తాగేటప్పుడు తరచుగా పొలమారుతుంది. పాలు మాత్రం రోజుకు లీటరు తాగుతాడు. రెండు నెలలుగా ఫీడింగ్ థెరపీకి తీసుకెళ్తున్నాం, కానీ అక్కడ తినిపించడం కంటే ఆడించడమే ఎక్కువ. మందుల షాపులో ఇచ్చిన సైప్రోహెప్టడిన్ సిరప్ మూడు వారాలుగా వాడుతున్నాం. థెరపీ మానేసి ఇంతకంటే మంచి ఆకలి మందు వాడవచ్చా? – ఒక తల్లి

జవాబు: మీరు అడిగింది ఆకలి మందు గురించే అయినా, మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది నీళ్లు తాగేటప్పుడు తరచుగా పొలమారుతుందన్న మాట. పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకోవడం మన ఇళ్లలో అలవాటు. ఎప్పుడో ఒకసారైతే ఫరవాలేదు కానీ, నెలలు నిండకుండా పుట్టి, బరువు పెరగని పిల్లవాడికి తరచుగా పొలమారుతోందంటే, ఆహారనాళంలోకి పోవలసిన నీరు కొంత గాలిగొట్టంలోకి జారుతోందేమోనని అనుమానించి తీరాలి. అలా పదేపదే జరిగితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, మళ్లీ మళ్లీ నిమ్ము చేస్తుంది. కొందరు పిల్లలలో దగ్గు కూడా రాకుండానే ఇలా జారుతుంది కనుక, తిన్న తరువాత గొంతు గరగరలాడుతోందా, తింటూ ఆయాసపడుతున్నాడా అన్నది కూడా గమనించండి. మెతుకు తగిలినప్పుడు వచ్చే డోకు వేరు. అది గొంతు తనను తాను కాపాడుకునే పద్ధతి, దానికి అంతగా భయపడనక్కరలేదు.

అందువల్ల ముందు పిల్లల డాక్టర్‌ను కలిసి, మింగే ప్రక్రియలో అనుభవమున్న స్పీచ్ థెరపిస్టు చేత బాబును పరీక్ష చేయించండి. వారు అవసరమనుకుంటే, మింగుతున్నప్పుడు ఎక్స్‌రేతో చూసే వీడియోఫ్లోరోస్కోపీ పరీక్ష రాస్తారు. మీకు మైసూరు దూరం కాదు, అక్కడి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో మింగే సమస్యలను కూడా చూస్తారు. ఇప్పుడు వెళ్తున్న చోట స్పీచ్ థెరపిస్టు ఉంటే, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందో లేదో అడగడానికి మొహమాటపడకండి. పరీక్ష అయ్యేదాకా నీళ్లు మానిపించవద్దు, నిటారుగా కూర్చోబెట్టి కొద్దికొద్దిగా పట్టండి. మీ అంతట మీరు నీళ్లలో ఏ పొడీ కలిపి చిక్కబరచవద్దు.

ఇక సిరప్ సంగతి. అమ్మా, ఇది కొంచెం గట్టిగానే చెప్పాలి. సైప్రోహెప్టడిన్ నిజానికి ఎలర్జీకి వాడే మందు. ఆకలి పెంచడం దాని ఇంకో ప్రభావం, మత్తు కలిగించడం మరో ప్రభావం. రెండేళ్లలోపు పిల్లలకు దీనిని సాధారణంగా వాడరు, మీ బాబు ఆ వయసు దాటి నాలుగు నెలలే అయింది. మింగడమే సరిగా కుదరని పిల్లవాడికి మత్తు తోడైతే, ఆ నిద్రమత్తులో పెట్టిన ముద్ద గాలిగొట్టంలోకి పోయే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కొన్ని సందర్భాలలో మేమూ ఈ మందు రాస్తాం, కానీ బిడ్డను చూసి, బరువు తూచి, ఎందుకు తినడం లేదో తేల్చుకున్న తరువాతే. మందుల షాపులో మీ బాబు గొంతు ఎవరూ చూడలేదు కదా! పక్కింటి పాపకు పనిచేసిందనో, షాపతను మంచిదన్నాడనో మొదలుపెట్టిన సీసాలతో నెలలు గడిచిపోయి, అసలు జబ్బు ముదిరాక మా దగ్గరకు వచ్చే పిల్లలను చూస్తూనే ఉన్నాను. దయచేసి ఈ రోజే ఆపేయండి. సీసా పారేయకుండా దాచి, ఎంత మోతాదులో ఇచ్చారో మీ డాక్టర్‌కు చెప్పండి.

మీ బాబుకు ఆకలి లేదని కూడా నేను అనుకోవడం లేదు. లీటరు పాలతో పొట్ట నిండిపోతోంది, అంతే. పాలలో ఇనుము చాలా తక్కువ, పైగా ఇతర ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత వస్తే ఉన్న ఆకలీ చస్తుంది. హిమోగ్లోబిన్ పరీక్షతో పాటు, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి, ఈ వయసులో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గకూడదు. ఈ వయసు మగపిల్లల సగటు బరువు 12, 13 కిలోల మధ్య ఉంటుంది, మీ బాబు ఇప్పటికే అంతకంటే బాగా తక్కువ ఉన్నాడు కాబట్టి పాలను ఒక్కసారిగా తగ్గించవద్దు. డాక్టర్ చూపిన క్రమంలో, రెండు మూడు వారాలలో అర లీటరుకు తెస్తూ, ఆ మేరకు గుజ్జులో నెయ్యి, పప్పు, ఉడికించిన గుడ్డు చేర్చండి.

థెరపీ మాత్రం మానవద్దు. పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఈ మూడింటి పొందిక శిశువులకు గర్భం లెక్కలో దాదాపు 34వ వారానికి గానీ కుదరదు, అందుకే మీ బాబుకు ట్యూబు పెట్టవలసి వచ్చింది. నోటికి తొలి అనుభవం రుచి కావలసింది పోయి ట్యూబు అయిన పిల్లలు నోటి దగ్గరకు ఏది వచ్చినా బెదురుతారు. అన్నాన్ని చేత్తో పిసకడం, వాసన చూడడం, పెదవికి తాకించడం మీకు ఆటలా కనిపించినా, ఆ బెదురు తీర్చే చికిత్స అదే, దానికి రెండు నెలలు చాలవు. కొత్త రుచిని పది పదిహేను సార్లు చూపిస్తే గానీ ఒప్పుకోని పిల్లలు చాలామంది.

ఇంట్లో చేయవలసింది కూడా థెరపిస్టును అడిగే చేయండి. సాధారణంగా గుజ్జు తరువాత గరిటెతో మెదిపిన పప్పన్నం, ఆ తరువాత ఇడ్లీ వంటి మెత్తటి ముక్కలు వస్తాయి. చాలామంది తల్లులు తేలికగా జారుతుందని ముందు చారన్నం పెడతారు. నీళ్లలో మెతుకులు కలిసి ఉన్నదే మింగడానికి అన్నిటికంటే కష్టం, దానిని చివరకు ఉంచండి. పాదాలకు ఆనిక ఉండే కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను చూపకుండా, అరగంటకు మించకుండా తినిపించండి. ముక్కు మూసి, చేతులు పట్టుకుని కుక్కడం ఇంట్లో ఎవరు చేస్తున్నా ఈ పూట నుంచే ఆపించండి. అలా కుక్కిన ఒక్క ముద్ద నెల రోజుల థెరపీని వెనక్కి లాగుతుంది.

బాబును చూడకుండా ఇంతకు మించి చెప్పడం సరి కాదు. పెదవులు నీలంగా మారినా, జ్వరంతో పాటు ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. అలాంటివి లేకపోయినా ఈ వారం దాటనివ్వవద్దు. వెళ్లేటప్పుడు సిరప్ సీసాతో పాటు, బాబు నీళ్లు తాగుతున్నప్పుడు ఫోనులో తీసిన ఒక నిమిషం వీడియో కూడా తీసుకెళ్లండి.