సీఆర్‌పీ సంగతి తర్వాత.. ముందు ఆ దవడ నొప్పి చూపించుకోండి

సమస్య: నా వయసు 54. బీపీకి మాత్ర వాడుతున్నాను. ఈమధ్య చేయించుకున్న హెల్త్ చెకప్‌లో హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో వాపును తెలిపే రక్తపరీక్ష) 7.2, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 112 వచ్చాయి. అంతకు వారం ముందే జలుబు, జ్వరం వచ్చి తగ్గాయి. గుండెజబ్బుకు కొలెస్ట్రాల్ ఒక్కటే కాదు, రక్తనాళాల్లో వాపు కూడా కారణమని అమెరికా గుండె వైద్యుడు డాక్టర్ పాల్ రిడ్కర్ పరిశోధనల గురించి చదివాను. మోకాళ్ల నొప్పికి రెండు నెలలుగా రోజూ డైక్లోఫినాక్ వేసుకుంటున్నా. అది వాపు తగ్గించే మందే కదా, గుండెకూ మేలు చేస్తుందా? వాపు తగ్గించే మరో మందు కోల్చిసిన్ కూడా మొదలుపెట్టొచ్చా? మెట్లెక్కుతుంటే మూడు వారాలుగా ఎడమ దవడ లాగుతోంది, ఆగితే తగ్గుతోంది. పళ్ల డాక్టరుకు చూపించుకుంటే సరిపోతుందా?
– ఓ పాఠకుడు, తెనాలి

సలహా: మీరు చివర్లో రాసిన దవడ నొప్పే నన్ను కంగారు పెడుతోంది. పంటి నొప్పికి మెట్లతో పనిలేదు. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి ఛాతీలోనైనా, దవడలోనైనా, ఎడమ చేతిలోనైనా గుండెకు రక్తం చాలకపోవడం వల్ల కావచ్చు. ఉత్తరం చూసి ఇదేనని తేల్చలేను. కానీ కొత్తగా మొదలైంది కాబట్టి ఈరోజే గుండె డాక్టరును కలవండి. ఈసీజీ బాగుందని ఊరుకోవద్దు, విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసినది మామూలుగానే ఉండొచ్చు. కదలకుండా ఉన్నా నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక డైక్లోఫినాక్. రెండు నెలలుగా రోజూ! ఎవరు రాశారో మీరు చెప్పలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చొక్కా జేబులోంచి స్ట్రిప్ ముక్క తీసి చూపిస్తారు. మెడికల్ షాపులో కత్తిరించి ఇచ్చిన ఆ ముక్క మీద మందు పేరూ ఉండదు, గడువు తేదీ ఉండదు. ‘నొప్పి బిళ్ల’ అంటారంతే. డైక్లోఫినాక్ లాంటి బిళ్ల బీపీని పెంచుతుంది, ఒంట్లో ఉప్పూనీరూ నిలిచిపోయేలా చేస్తుంది, కిడ్నీలను, కడుపును దెబ్బతీస్తుంది. గుండెపోటు ముప్పునూ పెంచుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లు డైక్లోఫినాక్ వాడకూడదని యూరప్ ఔషధ సంస్థ 2013లోనే హెచ్చరించింది. ఇలాంటి నొప్పి మందే రోఫికాక్సిబ్‌ను గుండెపోట్ల వల్లే 2004లో మార్కెట్లోంచి తీసేశారు. దయచేసి ఇవాళే ఆపేయండి. మోకాలికి పారాసిటమాల్, తొడ కండరాల వ్యాయామాలు సరిపోతాయేమో మీ డాక్టరును అడగండి. బీపీ మాత్ర మాత్రం మానొద్దు.

రక్తనాళాల వాపు గురించి మీరు చదివింది నిజమే. కానీ వాపులన్నీ ఒకటి కాదు, వాటిని తగ్గించే దారులూ ఒకటి కాదు. బోస్టన్‌లో రిడ్కర్ బృందం గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 లేదా అంతకన్నా ఎక్కువున్న 10,061 మందిపై కెనకినుమాబ్ ఇంజెక్షన్‌ను పరీక్షించి చూసింది. ఇది వాపును రగిల్చే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటుంది. 2017 ఫలితాల్లో 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. అయితే ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. మరుసటి ఏడాది ఆయనే మెథోట్రెక్సేట్ ఇచ్చి చూస్తే ఏ లాభమూ కనిపించలేదు. పేరుకు అదీ వాపు మందే.

కోల్చిసిన్‌ను అమెరికా 2023లో 0.5 మిల్లీగ్రాముల మోతాదులో గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లకు అనుమతించింది. తర్వాత 2024లో గుండెపోటు రోగులపై జరిగిన పెద్ద అధ్యయనంలో మేలు తేలలేదు. పైగా ఈ మందుకు సరైన మోతాదుకూ విష మోతాదుకూ మధ్య దూరం తక్కువ. కిడ్నీలు బలహీనంగా ఉన్నా, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ తోడైనా ప్రాణం మీదికి రావొచ్చు. సొంతంగా అసలు వద్దు.

మీ సీఆర్‌పీ 7.2కి జ్వరమే కారణం కావొచ్చు. రెండు మూడు వారాలాగి మళ్లీ చూడండి. ఎల్‌డీఎల్ 112 రిపోర్టులో పెద్దగా అనిపించకపోవచ్చు గానీ, గుండెజబ్బు తేలితే దాన్ని 70 కంటే బాగా కిందికి దించాలి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు గురించి డాక్టర్ చెబుతారు. జంకొద్దు, ఆ మందు సీఆర్‌పీనీ తగ్గిస్తుంది.

వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు ఆ నొప్పి బిళ్లల స్ట్రిప్ కూడా తీసుకెళ్లండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష అడగండి. ఒక్కరే బండి మీద వెళ్లకండి, ఇంట్లోవాళ్లను వెంటపెట్టుకోండి.