నాలుగో తరగతిలో సగం మందికి ఒత్తులే రాకపోతే, వాళ్లకు వేరే తేలిక పేపర్ ఇవ్వచ్చా?

మేడం, కొత్తగా ఉద్యోగంలో చేరానని, నాలుగో తరగతిలో పద్దెనిమిది మందికి గాను సగం మంది ఒత్తున్న పదం రాగానే ఆగిపోతున్నారని రాశారు. నేను నర్సంపేట వైపు ఒక తండా బడిలో ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే టీచర్‌ని. తేలిక పేపర్ నేను ఇచ్చి చూశాను. మీరు ఇవ్వకండి.

ఆ ఏడు నా దగ్గర ఆరుగురు బాగా వెనకబడ్డారు. వాళ్లు చిన్నబుచ్చుకోకూడదని ఏడాదంతా వేరే ప్రశ్నలు ఇచ్చాను. రెండంకెల తీసివేతలు, బొమ్మ చూసి పేరు రాయడం, అంతే. పదికి తొమ్మిది వచ్చేవి. ఇంట్లో వాళ్లకూ ఆ మార్కులే చెప్పాను. తర్వాత ఆ పిల్లలు గురుకులంలో ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాశారు. అక్కడ తండా పిల్లకైనా హనుమకొండ పిల్లకైనా ఒకటే వంద మార్కుల పేపర్. ఆరుగురిలో ఒక్కరికీ సీటు రాలేదు. ఒక పాప తండ్రి బడికొచ్చి, "మంచిగ చదువుతాందన్నరు గద సార్" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. నేను ఏమీ చెప్పలేకపోయాను.

అప్పటి నుంచి పరీక్ష అందరికీ ఒకటే పెడుతున్నాను. ఎక్కడి నుంచి నేర్పాలన్నది మాత్రం పిల్లను బట్టి చూసుకుంటాను. 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం వచ్చాక, ఎవరికి ఎంత వచ్చో ముందే చూసే బేస్‌లైన్ పరీక్ష మనమంతా పెడుతున్నాం కానీ, రిజిస్టర్‌లో టిక్కు పెట్టి వదిలేస్తే లాభం లేదు. పిల్ల ఏ తప్పు చేస్తోందో చూడాలి. 503లోంచి 278 తీసేయమంటే ఒకడు 375 రాశాడు. ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. వాడికి తీసివేత వచ్చు, స్థాన విలువ దగ్గర ఆగాడు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, పది కట్టలు కలిపి వంద చేసి, ఆ వంద కట్ట వాడి చేతే విప్పించాను. రెండు వారాల్లో దారిలో పడ్డాడు. మిగతా వాళ్లతో పాటు మళ్లీ మొదటి నుంచి ఎక్కాలు వల్లె వేయిస్తే ఆ సంగతి నాకు తెలిసేదే కాదు.

పొద్దున గంటసేపు ఎవరు ఎక్కడ ఆగారో దాన్ని బట్టి జట్లుగా కూర్చోబెడతాను. మధ్యాహ్నం అందరికీ ఒకే పాఠం. చదవలేని పిల్ల విని నోటితో జవాబు చెబుతుంది, చాలాసార్లు చదివేవాళ్లకంటే బాగా చెబుతుంది. జట్లను నెలకోసారి మార్చండి, లేకపోతే పిల్లలు అక్కడే ముద్రపడిపోతారు. మా దగ్గర మిర్చి ఏరే రోజుల్లో కొందరు తల్లిదండ్రుల వెంట వెళ్లిపోతారు. తిరిగొచ్చినప్పుడు వాళ్లు ఎక్కడ ఆగారో మళ్లీ చూడాల్సిందే.

ఎఫ్ఏలో, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలో, నాలుగు మార్కులు వస్తే నాలుగే వేయండి. పక్కనే ఒక నోట్‌బుక్‌లో, జూన్‌లో పదం చదివేది, ఇప్పుడు పేరా చదువుతోంది అని రాసుకోండి. తల్లిదండ్రులకు రెండూ చెప్పండి. మార్కులు తగ్గాయని వాళ్లు టెన్షన్ పడతారనుకున్నాను, కానీ "ఇంట్ల మేమేం చేయాలె సార్" అని అడిగారు.

ఈ వారం పాఠం కాస్త ఆగినా ఫర్వాలేదు. ఒక్కొక్కరినీ పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. పద్దెనిమిది మందికి మూడు గంటలు పడుతుంది.