తెర నిండా చేపలు, గాలానికి సున్నా

ప్రశ్న: పడవకు కొత్తగా సోనార్ ఫిష్ ఫైండర్ బిగించాను. స్క్రీన్ నిండా చేప బొమ్మలే, గాలం వేస్తే ఒక్కటీ పడదు. పడవ ఆపితే పొడవాటి గీత ఒకటి వస్తోంది. అది పెద్ద చేపేనా?

జవాబు: ముందు ఆ చేప బొమ్మలు ఆపేయండి. సెట్టింగ్స్‌లో ఫిష్ ఐడీ అని ఉంటుంది. సోనార్ నీళ్లలోకి శబ్దం వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి బొమ్మ గీస్తుంది. నీళ్లలో తేలే దేన్నుంచి ప్రతిధ్వని వచ్చినా, గాలి బుడగలైనా, నాచు ముక్కైనా, అది చేప బొమ్మ పెట్టేసే అవకాశం ఉంది. నా మటుకు అది అమ్మకాల కోసం పెట్టిన ఫీచరే.

ఇక గీత సంగతి. స్క్రీన్ మీద ఉన్నది నీటి అడుగు ఫొటో కాదు. కుడి అంచున ఉన్న ఒక్క నిలువు గీతే ఇప్పటిది, ఎడమవైపు ఉన్నదంతా అయిపోయిన కథ. పడవా కదలక, కింద ఉన్నదీ కదలకపోతే ఒకే వస్తువును మళ్లీ మళ్లీ గీస్తూ పోతుంది, అందుకే అంత పొడవు. అది మీ గాలానికి కట్టిన సీసం గుండే కావచ్చు. ఒక మీటరు పైకి లాగి చూడండి, గీత కూడా మెట్టులా పైకి లేస్తే అనుమానం తీరిపోతుంది.

విల్లులా వంగిన గుర్తు కూడా చేప ఆకారం కాదు. ట్రాన్స్‌డ్యూసర్, అంటే శబ్దం పంపి ప్రతిధ్వని అందుకునే భాగం, వదిలే శబ్దం గరాటు బోర్లించినట్టు కిందికి పోతూ విస్తరిస్తుంది. చేప దాని అంచులో ఉన్నప్పుడు దూరం కాస్త ఎక్కువ, నడిమికి వస్తే తక్కువ, మళ్లీ ఎక్కువ. అదే విల్లు. అంచును తాకి వెళ్లిపోతే సగం విల్లే వస్తుంది. కాబట్టి సైజు అంచనాకు గుర్తు పొడవు కన్నా మందం చూడండి, అదీ ఉజ్జాయింపుగానే. ప్రతిధ్వనిలో ఎక్కువ భాగం చేప ఒంట్లోని గాలితిత్తి నుంచే వస్తుంది, అది లేని చేప పెద్దదైనా మసగ్గా కనిపిస్తుంది.

శబ్దం ఫ్రీక్వెన్సీ 200 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటే చాలా ట్రాన్స్‌డ్యూసర్లకు ఆ గరాటు కోణం సుమారు 20 డిగ్రీలు. అంటే 10 మీటర్ల లోతులో మీకు కనిపించేది మూడున్నర మీటర్ల వెడల్పు వలయం మాత్రమే, అందులో చేప కుడివైపుందో ఎడమవైపుందో మామూలు సోనార్ చెప్పలేదు. మీరు ఎర వేసింది అవతలి పక్కనేమో!

అడుగుకు అంటుకుని ఉన్న చేప అడుగు గీతలోనే కలిసిపోతుంది. నేల వాలుగా ఉంటే ఇంకా కష్టం. సరిగ్గా రెండింతల లోతులో ఇంకో అడుగు కనిపిస్తే కంగారు పడకండి, శబ్దం నీటి పైభాగానికి తగిలి రెండోసారి పోయి వచ్చిందంతే, కింద నేల గట్టిగా ఉందని దాని అర్థం.

సెన్సిటివిటీని, అంటే ఎంత చిన్న ప్రతిధ్వనిని చూపాలో చెప్పే సెట్టింగ్‌ను, స్క్రీన్ నిండా చుక్కలు వచ్చేదాకా పెంచి, అవి పోయేదాకా కొంచెం కొంచెంగా తగ్గించండి. ఇంత చేశాక అసలైన విల్లు కనిపించినా గాలానికి పడకపోతే దానికి ఆకలి లేదేమో, అది కొలిచే మెషీన్ నాకు తెలిసి రాలేదు.