ప్రశ్న–జవాబు: చేతిలో బోర్డింగ్ పాస్ ఉంది, అయినా విమానం ఎక్కనివ్వలేదు

విమాన ప్రయాణం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చెక్-ఇన్ చుట్టూనే తిరిగాయి. కొన్నేళ్లపాటు చెక్-ఇన్ కౌంటర్ వెనక కూర్చుని పనిచేసినదాన్ని కనుక, ఈ ఇబ్బందులను అవతలి వైపు నుంచి కూడా చూశాను. ఆ అనుభవంతోనే ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ప్రయాణానికి ముందురోజే ఫోన్‌లో చెక్-ఇన్ చేసుకుని బోర్డింగ్ పాస్ కూడా తీసుకున్నాను. విమానం బయల్దేరడానికి యాభై నిమిషాల ముందు విమానాశ్రయం చేరి, సూట్‌కేసు ఇవ్వబోతే కౌంటర్ మూసేశామన్నారు. ఎంత బతిమాలినా వినలేదు. చెక్-ఇన్ అయిపోయిన ప్రయాణికుణ్ని ఇలా ఆపేయడం న్యాయమేనా? – ఒక పాఠకుడు

జవాబు: విమానం ఇంకా కళ్లెదుటే ఉండగా వెనక్కి తిరిగి రావాల్సి రావడం ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. కానీ మీ విషయంలో పొరపాటు ఎక్కడ జరిగిందో స్పష్టంగా చెప్పడమే మీకు మేలు చేస్తుందని నమ్ముతున్నాను. మనం ఒకటే అనుకునే గడువు నిజానికి మూడు గడువులు. మొదటిది చెక్-ఇన్ గడువు. ఆన్‌లైన్ చెక్-ఇన్‌ను చాలా విమానసంస్థలు బయల్దేరడానికి 48 గంటల ముందో, 24 గంటల ముందో తెరిచి, గంటో గంటన్నరో ఉందనగా మూసేస్తాయి. రెండోది లగేజీ అప్పగించే గడువు. ఇది విమానసంస్థను బట్టి, దేశీయ ప్రయాణమా అంతర్జాతీయ ప్రయాణమా అన్నదాన్ని బట్టి 45 నిమిషాల నుంచి గంట దాకా, కొన్నిచోట్ల అంతకన్నా ముందే ముగుస్తుంది. మూడోది గేటు మూసే గడువు. విమానం కదలడానికి సాధారణంగా 15 నుంచి 25 నిమిషాల ముందు గేటు మూస్తారు. మీరు ఇంట్లో కూర్చుని పూర్తి చేసింది మొదటిదాన్ని మాత్రమే. బోర్డింగ్ పాస్ మీకు సీటు ఇచ్చింది గానీ మీ సూట్‌కేసుకు చోటు ఇవ్వలేదు. ఆ రోజు మీ వద్ద చేతిసంచి ఒక్కటే ఉండి ఉంటే, భద్రతా తనిఖీ దగ్గర వరుస మరీ పెద్దది కాకపోతే, బహుశా విమానం అందుకునేవారు.

ఆ గడువు అంత ముందుగా ఎందుకు పెట్టారని మీరు అడగవచ్చు. మీరు పెట్టెను బెల్టు మీద పెట్టిన క్షణం నుంచి అది మీ కంటికి కనిపించని చాలా దూరం ప్రయాణించాలి. దాన్ని ఎక్స్-రే యంత్రాల్లో చూడాలి, విమానాల వారీగా వేరు చేయాలి, బండ్ల మీదికో కంటెయినర్లలోకో ఎక్కించి విమానం పక్కకు తీసుకెళ్లాలి, పొట్టలోకి ఎక్కించాలి. ఈలోగా మొత్తం ప్రయాణికులు ఎందరు, లగేజీ బరువు ఎంత, ముందు భాగంలో ఎంత, వెనక భాగంలో ఎంత అన్న లెక్క తేలాలి. ఆ లెక్క కెప్టెన్ చేతికి అందకుండా విమానం కదలదు. కౌంటర్‌లో ఉన్న మనిషి జాలిపడి ఒక పెట్టెను ఆలస్యంగా తీసుకుంటే, ఈ గొలుసులో ఉన్న ప్రతి ఒక్కరూ మళ్లీ మొదటికి రావాలి.

దీని వెనక మరో కారణం కూడా ఉంది, దాన్ని చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. 1985 జూన్ 22న కెనడాలోని వాంకోవర్ విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడు, తర్వాతి విమానంలో తనకు సీటు ఖాయం కాకపోయినా, తన సూట్‌కేసుకు మాత్రం చివరి గమ్యం దాకా ట్యాగు వేయాలని కౌంటర్ దగ్గర పట్టుబట్టాడు. వెనక వరుస పెరిగిపోతుండగా ఆ ఉద్యోగి చివరికి ఒప్పుకున్నారు. ఆ మనిషి విమానం ఎక్కలేదు, సూట్‌కేసు మాత్రం ఎక్కింది. మర్నాడు, ఆ సూట్‌కేసులోని బాంబు వల్ల, ఎయిర్ ఇండియా 'కనిష్క' విమానం ఐర్లాండ్ తీరానికి చేరువలో ఆకాశంలోనే పేలిపోయి, అందులోని 329 మందీ మరణించారు. ప్రయాణికుడు ఎక్కని పెట్టెను ప్రత్యేకంగా తనిఖీ చేయకుండా మోసుకెళ్లకూడదన్న అంతర్జాతీయ నియమాన్ని ప్రపంచం పట్టించుకోవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. చెక్-ఇన్ అయి, పెట్టె ఇచ్చి, గేటు దగ్గర కనిపించని ప్రయాణికుడి పెట్టె కోసం సిబ్బంది విమానం పొట్టంతా వెతికి దాన్ని కిందికి దింపేది అందుకే. నేను పనిచేసిన రోజుల్లో ఎవరైనా 'ఈ ఒక్కసారికి' అని అడిగినప్పుడల్లా నాకు ఆ కౌంటర్ గుర్తుకొచ్చేది. మనసు కష్టపెట్టుకుని కాదనేదాన్ని.

ఇకముందు పెట్టె ఇవ్వాల్సిన ప్రయాణమైతే, బోర్డింగ్ పాస్ చేతిలో ఉన్నా సరే, లగేజీ గడువు ఎప్పుడో టికెట్టులో చూసి ఆ సమయాన్నే మీ అసలు సమయంగా పెట్టుకోండి. కౌంటర్ల దగ్గర 'బ్యాగ్ డ్రాప్' అని వేరే వరుస ఉంటే అందులో నిలబడండి, చెక్-ఇన్ చేసుకోనివారి వరుసలో నిలబడాల్సిన అవసరం మీకు లేదు.

ప్రశ్న: విదేశీ ప్రయాణానికి వెబ్‌లో చెక్-ఇన్ చేస్తే 'పూర్తయింది' అని వచ్చింది గానీ బోర్డింగ్ పాస్ రాలేదు, విమానాశ్రయంలోని కౌంటర్‌కు రమ్మంటోంది. నా టికెట్టులో ఏదైనా లోపం ఉందా? రాత్రంతా నిద్ర పట్టలేదు. – ఒక పాఠకురాలు

జవాబు: కంగారు పడకండి, ఇందులో చాలాసార్లు లోపమేమీ ఉండదు. సరైన వీసా, పత్రాలు లేని ప్రయాణికుణ్ని తీసుకెళ్తే గమ్యస్థాన దేశం ఆ విమానసంస్థకు జరిమానా వేయవచ్చు, పైగా ఆ ప్రయాణికుణ్ని వెనక్కి తీసుకురావాల్సిన భారం కూడా సంస్థదే. అందుకే మీ పాస్‌పోర్టును, వీసాను ఒక మనిషి స్వయంగా చూసేదాకా వారు బోర్డింగ్ పాస్ ఇవ్వరు. కౌంటర్‌లోని ఉద్యోగి మీ పాస్‌పోర్టు అందుకోగానే ఫొటో ఉన్న పేజీ తెరిచి, అడుగున రెండు వరుసల్లో బాణం గుర్తులతో నిండిన అక్షరాలను యంత్రం ముందు పెట్టి గీస్తారు. తర్వాత ఏ దేశస్థులకు ఏ దేశంలో ఏ పత్రాలు కావాలో చెప్పే 'టిమాటిక్' అనే సమాచార వ్యవస్థతో సరిచూస్తారు. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలని చాలా దేశాలు కోరతాయి కనుక అదీ చూస్తారు. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో మాత్రం మీరు ఈ రాత్రే సరిచూసుకోండి. అక్షరం తేడా ఉంటే విమానసంస్థకు ఇప్పుడే ఫోన్ చేయండి, కౌంటర్ దగ్గరికి వెళ్లాక దాన్ని సరిదిద్దడం కష్టం.

ఒక్క సందర్భంలో మాత్రం జాగ్రత్త అవసరం. కాగితం మీద సీటు నంబరు ఉండాల్సినచోట 'గేటు వద్ద ఇస్తాం' అన్నట్టు రాసి ఉంటే, ఉన్న సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మి ఉండే అవకాశం ఉంది. అప్పుడు వీలైనంత ముందుగా వెళ్లండి.

ప్రశ్న: మధ్యలో ఒకచోట విమానం మారాలి. రెండో విమానం వేరే సంస్థది. చెక్-ఇన్ ఎవరి దగ్గర చేయాలి? పెట్టెను మధ్యలో తీసుకోవాలా? – ఒక పాఠకుడు

జవాబు: రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉన్నాయా, విడివిడిగా కొన్నారా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. ఒకే టికెట్టు అయితే సాధారణంగా మొదటి కౌంటర్‌లోనే రెండు బోర్డింగ్ పాస్‌లూ ఇచ్చి, పెట్టెను చివరి దాకా పంపిస్తారు. విడిగా కొన్నట్టయితే, మధ్యలో పెట్టె తీసుకుని బయటికి వచ్చి మళ్లీ చెక్-ఇన్ చేయడానికి సిద్ధపడండి, దానికి సరిపడే సమయం చేతిలో ఉంచుకోండి. దేశం మారే చోట బయటికి రావాలంటే వీసా కూడా అవసరం కావచ్చు. ఒకే టికెట్టు అయినా అమెరికాలో సాధారణంగా మొదట దిగిన చోటే పెట్టె తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాల్సి ఉంటుందని చాలామందికి తెలియదు. ఇక టికెట్టు ఒక సంస్థ పేరుతో ఉండి, విమానం మరో సంస్థ నడుపుతున్నట్టయితే, చెక్-ఇన్ నడిపే సంస్థ దగ్గరే. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీ ఆరు అక్షరాల పీఎన్ఆర్ పనిచేయకపోతే, వారి వద్ద దానికి వేరే పీఎన్ఆర్ ఉండవచ్చు, అడిగి తెలుసుకోండి.

పెట్టె ఎక్కడిదాకా వెళ్తుందో ఎవరి మాటా నమ్మనక్కరలేదు, ట్యాగే చెబుతుంది. పిడికి చుట్టే ఆ పొడవాటి కాగితం మీద పెద్ద అక్షరాల్లో మూడక్షరాల కోడు ఉంటుంది, అది పెట్టె దిగాల్సిన విమానాశ్రయం. మీ బోర్డింగ్ పాస్ వెనక అంటించే చిన్న ముక్క మీద పది అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి అంకెను వదిలేస్తే, తర్వాతి మూడూ విమానసంస్థను సూచిస్తాయి, చివరి ఆరూ మీ పెట్టెకు మాత్రమే చెందినవి. గమ్యం చేరి పెట్టె చేతికొచ్చేదాకా ఆ ముక్కను పారేయకండి. పెట్టె రాకపోయినా, పగిలి వచ్చినా, హాలు దాటి బయటికి రాకముందే అక్కడి లగేజీ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించండి. మాంట్రియల్ ఒడంబడిక వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో, పెట్టె దెబ్బతింటే అది అందిన 7 రోజుల్లోగా, ఆలస్యంగా వస్తే చేతికొచ్చిన 21 రోజుల్లోగా లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

ఇంకో చిన్న పని ఉంది, మీరు బయల్దేరే ముందే చేయాల్సింది. గత ప్రయాణంలో వేసిన ట్యాగును చించేసినా, పెట్టె పక్కన గోరంత బార్‌కోడు స్టిక్కరు ఒకటి అతుక్కుని ఉండిపోతుంది. బెల్టు మీది యంత్రం కొన్నిసార్లు దాన్నే చదివి పెట్టెను పక్కకు నెట్టేస్తుంది. కౌంటర్‌లో ఉన్నప్పుడు నేను పెట్టె అందుకోగానే మొదట చేసే పని దాన్ని వేలితో గీకి తీయడమే. మీరు ఇంట్లోనే తీసేయండి.

ప్రశ్న: మా అమ్మగారికి డెబ్బై ఏళ్లు దాటాయి. మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కబోతున్నారు. ఆమెకు స్మార్ట్‌ఫోన్ వాడటం రాదు. అంతా ఆన్‌లైనే అయిపోయిన ఈ కాలంలో ఆమె ఎలా వెళ్లగలరు? – ఒక పాఠకురాలు

జవాబు: నిశ్చింతగా వెళ్లగలరు. ఆన్‌లైన్ చెక్-ఇన్ ఆమె పేరు మీద మీరే చేసి, బోర్డింగ్ పాస్‌ను కాగితం మీద ముద్రించి ఇవ్వవచ్చు. కౌంటర్‌లో చేయించుకోవడమూ మంచిదే. అయితే కొన్ని చౌక విమానసంస్థలు కౌంటర్‌లో చెక్-ఇన్‌కు గానీ, అక్కడ ముద్రించి ఇచ్చే బోర్డింగ్ పాస్‌కు గానీ రుసుము తీసుకుంటాయి కనుక, టికెట్టు షరతులు ముందే చూడండి. ఎక్కువ దూరం నడవలేకపోతే వీల్‌చెయిర్ సహాయం కావాలని కనీసం 48 గంటల ముందు విమానసంస్థకు తెలియజేయండి. అలా కోరినప్పుడు ఆన్‌లైన్ చెక్-ఇన్ కుదరక కౌంటర్‌కే రమ్మనవచ్చు, అది ఆమెకే మేలు. సిబ్బంది కౌంటర్ నుంచే వెంట తీసుకెళ్లి గేటు దగ్గర అప్పగిస్తారు.

అంతకన్నా ముఖ్యమైనది ఆమె పక్కన కూర్చుని ఆ కాగితాన్ని చదివించడం. అందులో సమయాలు రెండు ఉండవచ్చు. విమానం బయల్దేరే సమయం కాదు, ఎక్కడం మొదలయ్యే సమయం చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీయండి. గేటు నంబరూ సీటు నంబరూ ఒకేలా కనిపిస్తాయి. సీటు నంబరు పట్టుకుని అదే గేటనుకుని వెతుకుతూ తిరిగిన పెద్దవారిని నేను ఎందరినో చూశాను. గేటు చివరి నిమిషంలో మారవచ్చని, తెర మీద ఒకసారి చూడమని, లేదా అక్కడున్న సిబ్బందిని అడగమని చెప్పండి. అడగడంలో చిన్నతనం లేదని కూడా చెప్పండి.

ప్రశ్న: బోర్డింగ్ పాస్ ఫొటోను సోషల్ మీడియాలో పెడితే ప్రమాదమా? – ఒక విద్యార్థి

జవాబు: పెట్టవద్దు. పేరును వేలితో కప్పినా బార్‌కోడులో మీ పేరు, పీఎన్ఆర్ ఉంటాయి, మామూలు యాప్‌తోనే వాటిని చదవవచ్చు. చాలా సంస్థల వెబ్‌సైట్లలో పీఎన్ఆర్, ఇంటిపేరు రెండూ తెలిస్తే చాలు, మీ బుకింగ్ తెరుచుకుంటుంది. సీటు మార్చడం, కొన్నిచోట్ల తిరుగు ప్రయాణాన్ని రద్దు చేయడం కూడా ఇతరులకు సాధ్యమవుతుంది.

ప్రశ్న: పెట్టెలో పవర్ బ్యాంక్ ఉందని కౌంటర్ దగ్గరే పెట్టె విప్పించారు. అందరి ముందూ సిగ్గుగా అనిపించింది. అది నిజంగా అంత అవసరమా? – ఒక పాఠకుడు

జవాబు: అవసరమే. లిథియం బ్యాటరీ లోపలే వేడెక్కి అంటుకుంటే, క్యాబిన్‌లో అయితే సిబ్బంది వెంటనే చూసి ఆర్పగలరు, విమానం పొట్టలో అయితే చేరుకోలేరు. కాబట్టి పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. వంద వాట్-అవర్ల దాకా సాధారణంగా అనుమతి అక్కర్లేదు, వంద నుంచి 160 దాకా విమానసంస్థ అనుమతి కావాలి, అంతకు మించితే తీసుకెళ్లనివ్వరు. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నదాన్ని 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్లు వస్తుంది, అంటే అది పరిమితిలోనే ఉంది. కొన్ని సంస్థలు వాటి సంఖ్యను, విమానంలో వాడకాన్ని ఇంకా కట్టుదిట్టం చేశాయి కనుక ప్రయాణానికి ముందు ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: నా టికెట్టు మీద 15వ తేదీ, 00:20 గంటలు అని ఉంది. ఏ రోజు రాత్రి వెళ్లాలి? – ఒక పాఠకురాలు

జవాబు: 14వ తేదీ రాత్రి. 15వ తేదీ మొదలైన ఇరవై నిమిషాలకే మీ విమానం బయల్దేరిపోతుంది కనుక, 14న భోజనం ముగించి సాయంత్రానికే సిద్ధంగా ఉండండి. అంతర్జాతీయ ప్రయాణమైతే రాత్రి తొమ్మిదిన్నరకల్లా కౌంటర్ దగ్గర ఉండేలా చూసుకోండి. 15వ తేదీ రాత్రి పెట్టెలతో వచ్చిన ఒక కుటుంబానికి, మీ విమానం నిన్ననే వెళ్లిపోయిందని చెప్పాల్సి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. వెళ్లేటప్పటి విమానం ఎక్కకపోతే, చాలా సంస్థలు అదే టికెట్టులోని తిరుగు ప్రయాణాన్ని కూడా రద్దు చేస్తాయి. కాబట్టి ఈ రోజే క్యాలెండర్‌లో 14వ తేదీ గడిలో 'రాత్రి విమానం' అని రాసి పెట్టుకోండి.