మర్రిగూడ బడి నీళ్ల ప్రతిపాదన గురించి

బిడ్డా,

మర్రిగూడ మండలంలోని బడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నువ్వు రాసిన ప్రతిపాదన చదివాను. "ఆర్‌ఓ ప్లాంటు ఉత్తమం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. దేనితో పోలిస్తే ఉత్తమమో, ఏ లెక్కన ఉత్తమమో ఎక్కడా లేదు.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ బోరులో ఎంత ఉందో ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి పరీక్ష చేయించు. అంతకన్నా ముందు మిషన్ భగీరథ కుళాయి నీళ్లు బడిదాకా సరిగ్గా వస్తున్నాయేమో చూడు. వస్తుంటే పైపు, ట్యాంకు బాగుచేస్తే చాలని రాయి. చిన్న పని అని నామోషీ పడకు.

ప్లాంటు తప్పదనుకుంటే, వద్దనుకున్న పద్ధతిని ఎందుకు వద్దన్నావో కూడా రాయాలి. మన నల్గొండ జిల్లా పేరుతోనే ఒక పద్ధతి ఉంది కదా, నల్గొండ పద్ధతి అని. నాగపూర్‌లోని నీరి పరిశోధన సంస్థ రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరనిచ్చి, వడగట్టడమే. ఖర్చు తక్కువ, ఇంట్లో బకెట్‌లో కూడా చేసుకోవచ్చు. కానీ పటిక మోతాదు ఫ్లోరైడ్‌తో పాటు నీటి క్షారత్వాన్ని బట్టి కూడా మారుతుంది. మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. రోజూ కొలిచి వేసే మనిషి ఆ బడిలో ఉన్నాడా? లేడంటే, ఆర్‌ఓ పెట్టడానికి అదొక మంచి కారణం. అదే రాయి.

ఆర్‌ఓ ఫ్లోరైడ్‌ని బాగా తీస్తుంది, నిజమే. దాంతో పాటు కాల్షియం కూడా పోతుంది. బయటికి వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. నీ డ్రాయింగ్‌లో ఆ నీళ్లు వదిలే పైపు ప్రహరీ దాటగానే ఆగిపోయింది. అవతల ఎవరి చేను ఉంది? ఎవరి బోరు ఉంది? నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే. చివర్లో "సామాజిక బాధ్యత" అని పేరా పెట్టావు, అది తీసేసి ఆ పైపు ఎక్కడికి పోతుందో చూపించు.

ఆర్‌ఓలో నీళ్లను వడగట్టే పొర, అదే మెంబ్రేన్, మార్చే ఖర్చు ఎవరిదో కూడా తేల్చు. పైనుంచి తొందరపెడితే నీ అభిప్రాయాన్ని పరీక్ష రిపోర్టులతో సహా ఫైల్లో రాసిపెట్టు, నోటిమాటతో వదిలెయ్యకు. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుతో వంగిన ఎముకను మళ్లీ సరిచేసే మందు లేదు. ఆ నీళ్లు తాగేది ఎదిగే పిల్లలు.

క్షారత్వం అంకెలు రాగానే పంపు, మోతాదు లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.

మీ పెదనాన్న